ఈ మాట ఎక్కడిది? కాలేజీలో మొదటి రీసెర్చ్ వ్యాసం రాసేవారికి

స్కూల్లో వ్యాసం అంటే తెలిసింది రాయడం. కాలేజీ అసైన్‌మెంటులో ఇంకో పని కలుస్తుంది: ఆ తెలిసింది ఎక్కడినుంచి తెలిసిందో చూపించాలి. దిద్దే లెక్చరర్ మీ పేపరులో ఏ వాక్యం మీద వేలు పెట్టి "ఇది ఎక్కడిది?" అని అడిగినా మీ దగ్గర జవాబు ఉండాలి. ఫలానా రచనలో ఫలానా పేజీలో ఉందనో, నేను సేకరించిన డేటాలో తేలిందనో, ఈ రెండింటినీ బట్టి నేను చేస్తున్న వాదన అనో చెప్పగలగాలి. నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ల కలయిక అన్నలాంటి అందరికీ తెలిసిన సంగతికి ఆధారం అక్కర్లేదు. వీటిలో దేనికిందకీ రాని వాక్యం ఉంటే, అది ఎంత అందంగా ఉన్నా కొట్టేయాల్సిందే. వెతకడం, చదవడం, నోట్సు, రిఫరెన్సులు అన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోవడానికే.

ప్రశ్నలో క్రియ ఏమిటి?

అసైన్‌మెంటు ప్రశ్న చేతికి రాగానే దాన్ని కాగితం మీద మళ్లీ రాసి, క్రియ కింద గీత గీయండి. "వివరించండి" అంటే ఒక విషయం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. "విశ్లేషించండి" అంటే దాన్ని భాగాలుగా విడదీసి, వాటి మధ్య సంబంధం చూపాలి. "పోల్చండి" అంటే మొదటిదాని గురించి రెండు పేజీలు, రెండోదాని గురించి రెండు పేజీలు రాయడం కాదు. ఒకే కొలబద్ద మీద రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అంటే తిట్టమని కాదు, బలాలూ లోపాలూ తూచి ఒక తీర్పు చెప్పమని. బాగా రాసిన పేపర్లకు కూడా మార్కులు తగ్గడానికి తరచుగా కారణం ఇక్కడే ఉంటుంది: విశ్లేషించమంటే వివరించి ఊరుకుంటారు.

క్రియతో పాటు పదాల పరిమితి, ఎన్ని ఆధారాలు కావాలి, ఏ రిఫరెన్సు పద్ధతి, గడువు తేదీ, మార్కుల విభజన కూడా అదే కాగితం మీద రాసుకోండి.

టాపిక్‌ను ప్రశ్నగా మార్చడం

"నిద్ర, విద్యార్థులు" అన్నది టాపిక్. దాని మీద 1,500 పదాలు రాయలేరు, ఎందుకంటే దాని మీద వెయ్యి పుస్తకాలు రాయొచ్చు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ కోణం, దేనితో సంబంధం అనే ప్రశ్నలతో చెక్కుతూ పోవాలి. "మొదటి సంవత్సరం కాలేజీ విద్యార్థుల్లో నిద్రవేళలు రోజూ మారిపోవడానికీ పరీక్ష మార్కులకూ సంబంధం ఉందా?" అన్న దగ్గరికి వచ్చేసరికి ఏం వెతకాలో తెలుస్తుంది, ఏం వదిలేయాలో కూడా తెలుస్తుంది.

ప్రశ్న సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. దానికి అవునని, కాదని, కొన్ని సందర్భాల్లోనే అవునని మూడు రకాల జవాబులూ సాధ్యం కావాలి. ఒకే జవాబు ఉంటే అది ప్రశ్న కాదు, నినాదం. గంటసేపు వెతికినా రెండు మూడు రీసెర్చ్ పేపర్లకు మించి దొరకలేదంటే మరీ ఇరుకైపోయింది, ఒక షరతు సడలించండి. వందల్లో దొరికి ఏది చదవాలో తేలకపోతే ఇంకో షరతు చేర్చండి.

వెతకడం

ప్రశ్న మొత్తాన్ని సెర్చ్ పెట్టెలో టైప్ చేయకండి. ముందు అందులోని ముఖ్య భావాలను విడదీయండి. పై ఉదాహరణలో మూడు ఉన్నాయి: నిద్ర, కాలేజీ విద్యార్థులు, మార్కులు. కాగితం మీద మూడు నిలువు వరసలు గీసి, ఒక్కోదాని కింద పరిశోధకులు వాడే పదాలు రాయండి. చాలా పరిశోధన ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఆ భాష పదాలే కావాలి. నిద్ర కింద స్లీప్ డ్యూరేషన్, స్లీప్ క్వాలిటీ, స్లీప్ రెగ్యులారిటీ. విద్యార్థుల కింద కాలేజ్ స్టూడెంట్స్, అండర్‌గ్రాడ్యుయేట్స్. మార్కుల కింద అకడమిక్ పర్ఫార్మెన్స్, జీపీఏ (సగటు గ్రేడు). ఒకే వరసలోని పదాల మధ్య "ఆర్" (OR, వాటిలో ఏది ఉన్నా చాలు) పెట్టండి, వరసకూ వరసకూ మధ్య "యాండ్" (AND, అన్నీ ఉండాలి) పెట్టండి, ఒక్కో వరసను బ్రాకెట్లలో ఉంచండి. రెండు మాటలు కలిసే రావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. గూగుల్ స్కాలర్‌లో "ఆర్" అన్నది పెద్ద అక్షరాల్లోనే రాయాలి.

ఏ డేటాబేస్‌లో (పేపర్లు వెతికే వెబ్‌సైటులో) చూడాలన్నది సబ్జెక్టును బట్టి ఉంటుంది. వైద్యం, జీవశాస్త్రాలకు పబ్‌మెడ్. విద్యారంగానికి ఎరిక్. చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాలకు జేస్టోర్. ఇంజనీరింగ్‌కు ఐట్రిపుల్ఈ ఎక్స్‌ప్లోర్. 1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్సు పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. అయితే అక్కడ ఉన్నవి ప్రీప్రింట్లు. తోటి నిపుణులు పరిశీలించి ఆమోదించే దశ, అంటే పీర్ రివ్యూ, ఇంకా దాటి ఉండకపోవచ్చు. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్ అన్నింటినీ కలిపి చూపిస్తుంది కాబట్టి మొదలుపెట్టడానికి బాగుంటుంది, కానీ జల్లెడ పట్టదు: మంచి జర్నల్ (పరిశోధన పత్రిక) పేపరు, విద్యార్థి థీసిస్ (డిగ్రీ కోసం రాసిన పరిశోధన గ్రంథం), నాసిరకం జర్నల్ పేపరు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి.

ఒక్క మంచి పేపరు దొరికితే సగం పని అయినట్టే. దాని చివర ఉన్న రిఫరెన్సుల జాబితా మిమ్మల్ని పాత పరిశోధనలోకి తీసుకెళ్తుంది. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపరు కింద ఉండే "సైటెడ్ బై" లంకె నొక్కితే, ఆ తర్వాత దాన్ని ఉదహరించినవన్నీ వస్తాయి. ఇలా వెనక్కీ ముందుకూ నడుస్తూ ఉంటే కొంతసేపటికి అవే పేర్లు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. అప్పుడు వెతకడం ఆపేయొచ్చు. లెక్చరర్ సంఖ్య చెప్పకపోతే 1,500 పదాల వ్యాసానికి ఎనిమిది నుంచి పన్నెండు ఆధారాలు మా లెక్కలో సరిపోతాయి. ముప్పై పెట్టినవాళ్లు సాధారణంగా ముప్పైలో ఇరవై చదవరు.

వెతికిన ప్రతిసారీ తేదీ, డేటాబేస్ పేరు, వాడిన పదాలు, ఎన్ని ఫలితాలు వచ్చాయి అని ఒక్క వరుస రాసిపెట్టుకోండి. విసుగ్గా అనిపిస్తుంది నిజమే. వారం తర్వాత "ఆ పేపరు ఏ పదంతో దొరికిందబ్బా" అని తల పట్టుకోవడం కన్నా నయం.

పేపరు తెరవబోతే డబ్బు అడిగిందా? గూగుల్ స్కాలర్‌లో దాని కింద "ఆల్ వెర్షన్స్" చూడండి, రచయిత సొంత పేజీలో ఉచిత ప్రతి ఉండొచ్చు. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడుందో చూపిస్తుంది. కాలేజీ లైబ్రరీ లాగిన్‌తో తెరుచుకోవచ్చు, లేదా లైబ్రేరియన్ వేరే లైబ్రరీ నుంచి తెప్పించవచ్చు. ఏదీ కుదరకపోతే రచయితకు నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. తమ పేపరు చదువుతామని అడిగేవాళ్లంటే చాలామంది పరిశోధకులకు సంతోషమే.

వికీపీడియా విషయంలో భయమూ వద్దు, భక్తీ వద్దు. విషయం మొదటిసారి అర్థం చేసుకోవడానికి, సరైన పదాలు తెలుసుకోవడానికి, పేజీ అడుగున ఉన్న ఆధారాల కోసం వాడండి. మీ పేపరులో ఆధారంగా చూపాల్సింది ఆ అడుగున ఉన్న రచనలను, అదీ చదివాక.

నమ్మొచ్చా?

ఎవరు రాశారు, ఎక్కడ అచ్చయింది, ఎప్పుడు, ఎవరి డబ్బుతో, ఎంతమంది మీద పరిశీలించి చెబుతున్నారు: ఈ అయిదూ చూడాలి. పెద్ద జర్నల్ పేరు ఒక్కటే హామీ కాదు. 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో ఒక పేపరు వచ్చింది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానం దాంతోనే పాకింది. అందులో పరిశీలించింది పన్నెండు మంది పిల్లలను. ఆ జర్నలే 2010లో దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది. ఉపసంహరించిన పేపరు ఇంటర్నెట్ నుంచి మాయం కాదు, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ మీద "రిట్రాక్టెడ్" అన్న ముద్ర కూడా ఉండదు. అందుకే ముఖ్యమైన ప్రతి పేపరునూ ఒకసారి ప్రచురణకర్త పేజీలోనే తెరిచి చూడండి.

డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే జర్నళ్లు కూడా ఉన్నాయి. కొన్ని గుర్తులు పట్టుకోవచ్చు: రెండు మూడు రోజుల్లో పీర్ రివ్యూ పూర్తి చేస్తామని ప్రకటిస్తాయి, ఒకే జర్నల్ వైద్యం నుంచి వ్యాపారం దాకా అన్నీ వేస్తుంది, సంపాదకుల చిరునామా ఉండదు, పేరు ఒక ప్రసిద్ధ జర్నల్ పేరును దాదాపు అచ్చంగా పోలి ఉంటుంది. అనుమానం వస్తే లైబ్రేరియన్‌కు చూపించండి.

పాలకూర కథ

పాలకూరలో ఇనుము ఎక్కువ అన్న నమ్మకం ఒక దశాంశ బిందువు తప్పుచోట పడటం వల్ల వచ్చిందని మీరు ఎక్కడో చదివే ఉంటారు. 1890లలో శాస్త్రవేత్తలు బిందువు జరిపేశారు, ఇనుము పదింతలు అయిపోయింది, 1930లలో తప్పు దిద్దారు అని కథ. ఈ కథను 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టి. జె. హ్యాంబ్లిన్ రాశారు. అక్కడినుంచి అది పేపరు నుంచి పేపరుకు పాకింది, జాగ్రత్తగా ఉండాలని ఇతరులకు బుద్ధి చెప్పే పేపర్లలో కూడా. 2010లో మైక్ సటన్ అనే నేరశాస్త్ర పరిశోధకుడు మూలం కోసం వెతికితే, ఆ బిందువు తప్పుకు ఆధారమే దొరకలేదు. 2014లో ఓలే బ్యోర్న్ రెక్‌డాల్ అనే పరిశోధకుడు ఇలాంటి కట్టుకథలు రిఫరెన్సుల మీద స్వారీ చేస్తూ ఎలా వ్యాపిస్తాయో ఒక పేపరులో విప్పి చూపించాడు. చదవని మూలాన్ని చదివినట్టు చూపడం, ఎవరో చెప్పినదాన్ని వాళ్ల పేరు ఎగరగొట్టి నేరుగా మూలం పేరుతో రాయడం, ఇవే దారులు.

మీరు చేయాల్సింది ఇది. ఒక పేపరులో ఇంకొకరి మాట కనబడితే, ఆ ఇంకొకరి రచన తెరిచి, ఆ మాట అక్కడ నిజంగా ఉందో లేదో చూడండి. ఉంటే మూలాన్నే ఆధారంగా చూపండి. ఎంత వెతికినా మూలం దొరక్కపోతే, "ఫలానావారి మాట, ఫలానావారు ఉదహరించిన ప్రకారం" అని నిజాయతీగా రాసి, రిఫరెన్సు జాబితాలో మీరు చదివిన రచనను మాత్రమే పెట్టండి. ఇలాంటివి పేపరు మొత్తానికి ఒకటి రెండు మించకూడదు.

చదివే వరస

రీసెర్చ్ పేపరును నవలలా మొదటినుంచి చివరిదాకా చదవక్కర్లేదు. విజ్ఞానశాస్త్ర పేపర్లు ఎక్కువగా పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే క్రమంలో ఉంటాయి. ముందు సారాంశం, పరిచయంలోని చివరి పేరా (పరిశోధన ప్రశ్న సాధారణంగా అక్కడే ఉంటుంది), పట్టికలు, బొమ్మలు, చివరగా ముగింపు చూడండి. దీనికి పది నిమిషాలు. మీ ప్రశ్నకు పనికిరాదనిపిస్తే అక్కడే పక్కన పెట్టేయండి. పనికొచ్చేదాన్ని మాత్రం గంట సమయమిచ్చి పద్ధతితో సహా చదవండి.

రచయితలు తమ పరిమితులు చెప్పుకునే భాగాన్ని వదలకండి. మీ వ్యాసంలో రాయాల్సిన విమర్శకు ముడిసరుకు అక్కడ ఉంటుంది. రెండు విషయాలు కలిసి పెరిగాయని పేపరు చెబితే, ఒకదానివల్ల ఇంకొకటి పెరిగిందని మీరు రాయకూడదు. తక్కువ నిద్రపోయేవారికి తక్కువ మార్కులు వచ్చాయంటే నిద్రే కారణం కావచ్చు, చదువు ఒత్తిడి వల్ల నిద్ర పాడై ఉండొచ్చు, రాత్రి ఉద్యోగం రెండింటినీ పాడుచేసి ఉండొచ్చు.

నోట్సు

పట్టుబడే కాపీల్లో చాలావాటికి దురుద్దేశం కన్నా గజిబిజి నోట్సే కారణం. మూడు వారాల క్రితం నోట్‌బుక్కులో ఎక్కించుకున్న వాక్యం ఇప్పుడు చూస్తే తమదో, పేపరులోదో గుర్తుండదు. దీనికి మందు తేలిక. ప్రతి నోటు ముందు ఒక గుర్తు పెట్టండి: ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంటే "ఉ" అని, కొటేషన్ గుర్తులతో, పేజీ నంబరుతో, సొంత మాటల్లో చెప్పుకుంటే "సా" అని, పేజీ నంబరుతో, మీకు తట్టిన ఆలోచనైతే "నా" అని. ఈ గుర్తు లేని నోటు రాయనే రాయకండి.

సొంత మాటల్లో చెప్పడం అంటే పదాలు మార్చడం కాదు. మేమే కల్పించిన ఈ వాక్యం ఒక పేపరులో ఉందనుకోండి: "ఉదయం తరగతుల్లో విద్యార్థుల శ్రద్ధ తగ్గడానికి నిద్ర గంటలు తగ్గడం కన్నా నిద్రవేళలు రోజుకో రకంగా మారడమే ఎక్కువ కారణమని మా ఫలితాలు సూచిస్తున్నాయి." ఒక విద్యార్థి ఇలా రాశాడు: "పొద్దుటి క్లాసుల్లో స్టూడెంట్ల ఏకాగ్రత తగ్గడానికి నిద్ర సమయం తగ్గడం కంటే నిద్రవేళలు రోజూ మారడమే ప్రధాన కారణం." ఎముకలగూడు అదే, పైన చర్మం మార్చారు. ఆధారం చూపినా దీన్ని కాపీగానే లెక్కిస్తారు. పైగా ఇంకో తప్పు దొర్లింది: "సూచిస్తున్నాయి" అని రచయిత జాగ్రత్తగా అన్నదాన్ని "ప్రధాన కారణం" అని ఖాయం చేసేశాడు.

పద్ధతి ఇది: పేరా చదవండి, పేపరు మూసేయండి, పక్కనున్న స్నేహితుడికి చెబుతున్నట్టు రాయండి, తర్వాత తెరిచి అర్థం మారిందా, మాటలు అతుక్కున్నాయా చూడండి. అప్పుడు ఇలా వస్తుంది: "ఎన్ని గంటలు పడుకున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. రోజూ ఒకే వేళకు పడుకునే అలవాటుకే క్లాసులో శ్రద్ధతో దగ్గరి సంబంధం ఉండొచ్చని ఈ అధ్యయనం అంటోంది." చివర రచయిత ఇంటిపేరు, సంవత్సరం.

కాపీని పట్టడానికి కాలేజీలు వాడే టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ చూపే శాతం తీర్పు కాదు, ఎంత భాగం ఇతర రచనలతో పోలుతోందో చెప్పే లెక్క. రిఫరెన్సుల జాబితా, కొటేషన్లు కూడా అందులో కలిసిపోతాయి. 20 శాతం వచ్చినా తప్పు లేకపోవచ్చు, 5 శాతంలోనే ఒక పేరా మొత్తం ఎత్తుకొచ్చి ఉండొచ్చు. శాతం తగ్గించడానికి పర్యాయపదాలు గుప్పించడం పై విద్యార్థి చేసిన పనే.

ఏఐ చాట్‌బాట్లు

మీ కోర్సులో ఎంతవరకు అనుమతి ఉందో ముందే లెక్చరర్‌ను అడిగి, జవాబు రాతలో తీసుకోండి. అనుమతి ఉన్నా రిఫరెన్సులు మాత్రం అడగొద్దు. ఉన్న రచయిత పేరు, ఉన్న జర్నల్ పేరు కలిపి లేని పేపరును సృష్టించడం వాటికి మామూలే. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు ఉనికిలోనే లేని తీర్పులను కోర్టుకు ఉదహరించారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఏఐ చెప్పిన ప్రతి పేపరు శీర్షికనూ డేటాబేస్‌లో వెతికి, తెరిచి, చదివాకే వాడండి. చదవకుండా పెట్టిన రిఫరెన్సుకు పాలకూర కథే గతి.

రాయడం

మొదట మీ జవాబును ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు: "నిద్ర గంటల కన్నా నిద్రవేళల క్రమానికే మార్కులతో బలమైన సంబంధం కనిపిస్తున్నా, ఉన్న అధ్యయనాలు ఎక్కువగా విద్యార్థులు తామే చెప్పిన లెక్కల మీద ఆధారపడ్డాయి కాబట్టి దాన్ని కారణంగా చెప్పలేం." (ఇది వాక్యం తీరు చూపడానికి మాత్రమే, మీ జవాబు మీరు చదివిన పేపర్లను బట్టి ఉంటుంది.) ఈ వాక్యంతో ఒకరు విభేదించగలగాలి. వ్యాసంలో ప్రతి పేరా దీనికి ఏదో ఒక పని చేసిపెట్టాలి.

1,500 పదాలుంటే పరిచయానికి 150, ముగింపుకు 150, మిగతా 1,200ను మూడు నాలుగు భాగాలుగా పంచండి. ఒక్కో పేరా 120 నుంచి 200 పదాలు. పేరా మొదటి వాక్యం మీ మాట, తర్వాత ఆధారం, ఆ తర్వాత ఆ ఆధారం మీ మాటను ఎలా నిలబెడుతోందో చెప్పే రెండు మూడు వాక్యాలు. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ మూడోదాన్నే. ఒకరి మాట, ఇంకొకరి మాట, మరొకరి మాట అని పేర్చుకుంటూ పోతే రాసినవాళ్లు ఎక్కడా కనబడరు. రెండు పేపర్లు ఒకదానికొకటి ఎదురు చెబితే కంగారు పడకండి, అది అదృష్టం. ఎవరిని పరిశీలించారు, ఎలా కొలిచారు అన్నదాంట్లో తేడా వెతికితే మంచి పేరా ఒకటి దొరుకుతుంది.

పరిచయాన్ని అన్నిటికన్నా చివర రాయండి. ఏం రాశారో తెలియకుండా దాన్ని పరిచయం చేయలేరు. "ప్రాచీన కాలం నుంచి మానవుడు" అని మొదలయ్యే పరిచయాలు లెక్చరర్లు లెక్కలేనన్ని చదివి ఉంటారు. "పరిశోధనల ప్రకారం", "నిపుణులు అంటారు" అన్నవి గుంపులో గోవిందయ్యలు. ఏ పరిశోధన, ఏ నిపుణుడు?

రిఫరెన్సులు

రిఫరెన్సులు రాయడానికి కొన్ని స్థిరమైన పద్ధతులున్నాయి. ఏపీఏ (APA) పద్ధతిలో వాక్యం చివర రచయిత ఇంటిపేరు, సంవత్సరం వస్తాయి. ఎంఎల్ఏ (MLA) పద్ధతిలో ఇంటిపేరు, పేజీ నంబరు. ఐట్రిపుల్ఈ (IEEE) పద్ధతిలో చదరపు బ్రాకెట్లలో వరస సంఖ్య. ఏది వాడాలో డిపార్ట్‌మెంట్ చెబుతుంది. ఏది వాడినా మొదటినుంచి చివరిదాకా అదే ఉండాలి. ఏపీఏ అయితే ఇప్పుడు నడుస్తున్నది 2019లో వచ్చిన ఏడో ఎడిషన్, ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో కొన్ని పాతదైన ఆరోదానివి కావచ్చు. జర్నల్ పేపర్లకు డీఓఐ ఉంటే తప్పక ఇవ్వండి. అది 10తో మొదలయ్యే శాశ్వత గుర్తింపు సంఖ్య, వెబ్‌సైటు చిరునామా మారినా అది మారదు.

జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉంది. పేపర్లను దాచుతుంది, వర్డ్‌లో రిఫరెన్సులు తానే పెడుతుంది, ఉపసంహరించిన పేపర్ల మీద హెచ్చరిక కూడా చూపిస్తుంది. మొదటి పేపరు చదివే రోజే పెట్టుకోండి, గడువు ముందు రాత్రి కాదు. అయితే అది వెబ్‌పేజీలో ఉన్నదాన్నే లాక్కొస్తుంది. పేరు తలకిందులవడం, శీర్షిక మొత్తం పెద్ద అక్షరాల్లో రావడం, సంపుటి సంఖ్య ఖాళీగా ఉండటం జరుగుతూనే ఉంటాయి. చేర్చిన ప్రతిసారీ పేపరు మొదటి పేజీతో సరిపోల్చండి. గూగుల్ స్కాలర్‌లో "సైట్" నొక్కితే వచ్చే వరసకూ ఇదే జాగ్రత్త.

దిద్దుకోవడం

నాలుగు వారాల గడువుంటే మొదటి వారం ప్రశ్న, వెతుకులాట. రెండోది చదవడం, నోట్సు. మూడో వారం రాత. నాలుగోది పూర్తిగా దిద్దుబాటు. చిత్తుప్రతిని కనీసం ఒక రాత్రి ముట్టుకోకుండా ఉంచండి. తర్వాత ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఆరేడు మాటల్లో రాయండి. రెండు పేరాలకు ఒకటే మాట వస్తే కలిపేయండి. ఒక పేరాకు రెండు మాటలు వస్తే విడదీయండి. మాటే రాకపోతే కొట్టేయండి. ఈ పక్కమాటలు మాత్రమే వరసగా చదివితే వాదన నడుస్తోందో, ఎక్కడ కుంటుతోందో తెలుస్తుంది. అక్షరదోషాలు, వ్యాకరణం దీని తర్వాతే, ఎలాగూ తీసేసే పేరాలో కామాలు దిద్దడం దండగ.

ఆ తర్వాత పైకి చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి. చివరి పని పెన్సిల్‌తో: వ్యాసంలో రిఫరెన్సు కనిపించిన ప్రతిచోటా ఆగి జాబితాలో దాని మీద టిక్కు పెట్టండి. జాబితాలో టిక్కు పడనిది తీసేయండి, వ్యాసంలో ఉండి జాబితాలో లేనిది చేర్చండి. పీడీఎఫ్‌గా మార్చి, అప్‌లోడ్ చేశాక, అప్‌లోడ్ అయిన ఫైలునే మళ్లీ తెరిచి చూడండి. పాత చిత్తుప్రతి పంపేసినవాళ్లకు అది తెలిసేది మార్కులు వచ్చిన రోజే.